అలాస్కాలో వారం, అందులో ఒక ఖాళీ రోజు

అలాస్కా వెళ్దామని మా ఇంట్లో అనుకోగానే మా బావమరిది ఒక ఎక్సెల్ షీట్ పంపాడు. ఏడు రోజులు, పదకొండు చోట్లు. ఆర్కిటిక్ సర్కిల్, జూనో, కాట్మాయ్ ఎలుగుబంట్లు, అన్నీ పెట్టేశాడు. జూనో రాష్ట్ర రాజధాని అయినా అక్కడికి రోడ్డు లేదని, విమానమో ఓడో ఎక్కాల్సిందేనని వాడికి తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ అప్పుడే తెలిసింది. అలాస్కా 17 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశంలో సగానికి కాస్త ఎక్కువే. జనం మాత్రం మన వరంగల్ ఊళ్లో ఉన్నంత మంది కూడా లేరు. అలాంటి చోటుని వారంలో చుట్టేద్దామనుకోవడం అత్యాశ.

అమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది కాబట్టి క్రూయిజ్ అయితే సుఖంగా ఉంటుందని ఆఫీసులో అందరూ అన్నారు. కానీ సియాటిల్ నుంచి బయల్దేరే ఓడలు దారిలో కెనడా రేవులో ఆగుతాయి. అమ్మకి కెనడా వీసా తీయాలి, మాకు తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ టెన్షన్. విమానంలో అయితే సియాటిల్ నుంచి ఆంకరేజ్ మూడున్నర గంటలు, అమెరికా దాటక్కర్లేదు. దాంతో క్రూయిజ్ మాట వదిలేశాం.

చివరికి రెండే చోట్లు మిగిలాయి: దక్షిణాన సముద్రం ఒడ్డున సీవర్డ్, ఉత్తరాన డెనాలి నేషనల్ పార్క్. మధ్యలో టల్కీట్నా అనే చిన్న ఊళ్లో ఒక రోజు ఏమీ బుక్ చేయకుండా వదిలేశాను. "ఖాళీగా కూర్చోడానికి రూముకి 300 డాలర్లా?" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అప్పటికి నా దగ్గర జవాబు లేదు.

2024 జూన్ రెండో వారంలో వెళ్లాం. ఆంకరేజ్ నుంచి సీవర్డ్ 127 మైళ్లు. మొదట కొంత దూరం కొండకీ సముద్రపు పాయకీ మధ్య సన్నగా సాగే రోడ్డు. ఆ పాయ పేరు టర్నగెయిన్ ఆర్మ్. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి పోయి బూడిద రంగు బురద మైళ్ల కొద్దీ బయటపడుతుంది. చూడటానికి గట్టి నేలలా ఉంటుంది, దిగితే కాలు ఊబిలో ఇరుక్కుపోతుంది. దిగొద్దని బోర్డులు పెట్టారు. మా తొమ్మిదేళ్ల వాడు ఆ బోర్డు చదివి మరీ "ఒక్క కాలే పెడతా నాన్నా" అన్నాడు. సీవర్డ్ ఒక్కటే చూసి వచ్చేవాళ్లకి నేను కారు చెప్పను. కొంతవరకు అదే దారిలో అలాస్కా రైల్‌రోడ్ బండి నాలుగు గంటల పైచిలుకులో తీసుకెళ్తుంది, కిటికీ పక్కన కూర్చుంటే చాలు. మాకు ఎటూ ఉత్తరానికి కారు కావాలి కాబట్టి రైలు ఎక్కలేదు. ఆ వెలితి ఇంకా ఉంది.

సీవర్డ్ పక్కనే ఉన్న కీనై ఫ్యోర్డ్స్ నేషనల్ పార్క్‌ని చూడాలంటే పడవే గతి, రోడ్డు చేరేది ఒక్క ఎగ్జిట్ గ్లేసియర్ (హిమానీనదం) దగ్గరికే. ఆరు గంటల పడవ టికెట్ మనిషికి 200 డాలర్లు దాటింది. మూడు, నాలుగు గంటల చవక టూర్లూ ఉన్నాయి గానీ, అవి చాలావరకు రేవు ముందున్న రెజరెక్షన్ బే దాటవు. బే దాటాకే అసలు సంగతి. వాంతుల సంగతీ అక్కడే. మాత్ర బయల్దేరే ముందే వేసుకోమని పడవ వాళ్లు చెప్పారు, అమ్మ వేసుకుంది. "నాకెందుకు, గోదావరి మీద ఎన్నిసార్లు తిరగలేదు" అని నేను కోతలు కోశాను. మొదటి పెద్ద అల తగిలిన పావుగంటకి నేను వెనక రెయిలింగ్ పట్టుకుని ఉన్నాను, అమ్మ లోపల కూర్చుని డబ్బా తీసి పులిహోర తింటోంది. పడవలో శాకాహారమంటే ఒక చీజ్ ర్యాప్, అదీ చల్లగా. కాబట్టి పులిహోర తప్పనిసరి.

గ్లేసియర్ ముందు ఇంజన్ ఆపేశారు. నీళ్ల మీద మంచు ముక్కలు ఒకదానికొకటి తగులుతూ, వేడి పాలు పోసిన మరమరాల్లా చిటపటమంటున్నాయి. ఎదురుగా నీలం గోడ. దాంట్లోంచి ఒక పెచ్చు జారి నీళ్లలో పడటం ముందు కనిపించింది, ఒక క్షణం తర్వాత ఉరుములా చప్పుడు వినిపించింది. మేం తిమింగలాలు చూశాం, నీటికుక్కలు చూశాం, నారింజ రంగు ముక్కుల పఫిన్ పక్షులు చూశాం. అయినా మా వాడు ఇప్పటికీ చెప్పేది ఆ చప్పుడు గురించే.

మర్నాడు ఎగ్జిట్ గ్లేసియర్ దగ్గరికి నడిచాం. ఒకప్పుడు మంచు ఎక్కడిదాకా ఉండేదో చెబుతూ దారి పొడవునా సంవత్సరాల బోర్డులు పాతారు. 2010 బోర్డు దగ్గర మా ఆవిడ ఆగింది, మా పెళ్లయిన ఏడు అది. అక్కడి నుంచి చూస్తే మంచు ఎంతో పైన, లోయ అవతల ఉంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

టల్కీట్నాకి దాదాపు అయిదు గంటల డ్రైవ్. ఉత్తర అమెరికాలో అన్నిటికంటే ఎత్తయిన డెనాలి శిఖరం (20,310 అడుగులు) ఎక్కేవాళ్లు బయల్దేరేది ఈ ఊరి నుంచే. చిన్న విమానాలు మనలాంటి వాళ్లనీ తీసుకెళ్లి గ్లేసియర్ మీద దింపుతాయి. మనిషికి 400 డాలర్ల పైనే. ఈ ఒక్క దాని దగ్గరే అమ్మ నోరు తెరిచి రూపాయల్లో లెక్క వేసింది. మధ్యాహ్నం మూడింటి స్లాట్ మాది. రెండున్నరకి మబ్బు దిగింది, రద్దు చేశారు. డబ్బులు వెనక్కిస్తాం, లేదా రేపు పొద్దున చూద్దాం అన్నారు. మాతోపాటు నిలబడ్డ ఒక జంటకి అదే సాయంత్రం డెనాలిలో హోటల్ బుకింగ్, మర్నాడు పొద్దున్నే బస్సు. వాళ్లు డబ్బులు తీసుకుని వెళ్లిపోయారు. మాకు మర్నాడంతా ఖాళీ. మా ఆవిడ నా వైపు చూసింది, నేను గొప్పలు పోలేదు (కాస్త పోయాను).

పొద్దున ఎనిమిదింటికి ఆకాశం కడిగినట్టు ఉంది. స్కీలు తగిలించిన విమానం రూత్ గ్లేసియర్ మీద దిగింది. బూట్ల మీద తొడుక్కోడానికి వాళ్లే పెద్ద తొడుగులు ఇచ్చారు. ఇంజన్ ఆగాక అమ్మ పది అడుగులు నడిచి, కొంగు సర్దుకుని నిలబడింది. "ఏంట్రా, ఇక్కడ ఏ శబ్దమూ లేదు" అంది. నిజమే. పిట్ట లేదు, గాలి కూడా లేదు. పావుగంట ఉన్నాం. డబ్బు తక్కువగా ఉంటే హోటళ్ల దగ్గర తగ్గించుకోండి గానీ దీన్ని మాత్రం వదలొద్దు. కింద పార్కుకి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి శిఖరం కనిపించదు, అది మబ్బుల్లోనే దాక్కుంటుంది. మాకూ పార్కులో రెండు రోజులూ కనిపించలేదు.

హోటళ్ల దగ్గర తగ్గించడం గురించి చెప్తా. పార్కు గేటు బయట హోటళ్లన్నీ ఒకే చోట గుంపుగా, మహా ఖరీదుగా ఉంటాయి. అందుకని 11 మైళ్ల అవతల హీలీలో ఒక క్యాబిన్ తీసుకున్నాను. ఫొటోలు బాగున్నాయి. 'డ్రై క్యాబిన్' అని రాశారు, అంటే చెమ్మ లేకుండా పొడిగా ఉంటుందేమో అనుకున్నాను. అలాస్కాలో ఆ మాటకి అర్థం కుళాయి లేని ఇల్లని. నీళ్లు క్యాన్లో, మరుగుదొడ్డి బయట చెట్ల మధ్య. చిన్నప్పుడు ఇలాంటివి చూసిన అమ్మ మామూలుగానే తీసుకుంది. మా ఆవిడ మాత్రం ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. పైగా చీకటి పడదు, రాత్రి పన్నెండింటికి కూడా పుస్తకం చదువుకునేంత వెలుతురు. కళ్లకి కట్టుకునే పట్టీలు తీసుకెళ్లండి. దోమల మందూ మర్చిపోవద్దు, జూన్ దోమలు మన చేను గట్టు దోమలకి అక్కల్లాంటివి.

రెండో రాత్రి నేనూ మా వాడూ రైలీ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్‌లో టెంట్ వేశాం. అక్కడ వాసన వచ్చేదేదీ టెంట్లో ఉంచకూడదు, టూత్‌పేస్ట్ కూడా. అన్నీ ఇనప లాకర్లో పెట్టి గొళ్లెం వేయాలి. మా ఆవకాయ సీసా నూనె కారి సంచంతా ఎర్రబడింది. దాన్ని మూడు కవర్లలో చుట్టి లాకర్లో పెడుతుంటే పక్క టెంటాయన దగ్గరికొచ్చి, వాసన చూసి, "ఇది ఎలుగుబంటికి కూడా ఘాటేనేమో" అన్నాడు.

పార్కులో ఉన్నది 92 మైళ్ల రోడ్డు ఒక్కటే, అందులో సొంత కారుకి అనుమతి మొదటి 15 మైళ్లే. తర్వాత బస్సు. 2021లో కొండచరియ జారడంతో మేం వెళ్లినప్పుడు బస్సులు 43వ మైలు నుంచే వెనక్కి తిరుగుతున్నాయి. వివరిస్తూ చూపించే టూర్ బస్సు 100 డాలర్లు దాటుతుంది. ఆకుపచ్చ ట్రాన్సిట్ బస్సు 30 డాలర్ల పైచిలుకు, పిల్లలకి ఉచితం, నచ్చిన చోట దిగి మళ్లీ వెనకొచ్చే బస్సు ఎక్కొచ్చు. జంతువు కనిపిస్తే ఈ బస్సునీ ఆపుతారు, డ్రైవర్లు కబుర్లూ చెబుతారు. నా ఓటు ఆకుపచ్చ బస్సుకే. డిసెంబర్ 1న బుకింగ్ తెరుస్తారు, ఆ రోజే చూసుకోవడం మంచిది.

ముప్ఫయ్యో మైలు దాటాక వెనక సీట్లోంచి "ఒరేయ్, ఎలుగుబంటి రా!" అని అచ్చ తెలుగులో కేక. బస్సంతా వాళ్లు చూపిస్తున్న వైపే వంగింది. వాగు అవతల గోధుమరంగు తల్లి, వెనకాల రెండు పిల్లలు. డాలస్ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్లు వాళ్లు, అప్పుడే వచ్చారట.

బేర్ స్ప్రేని (ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే కారం మందు) విమానంలో చెక్-ఇన్ లగేజీలో కూడా పెట్టనివ్వరు. మేం ఆంకరేజ్‌లో కొన్నది సీలు తీయకుండా అలాగే ఉంది. బస్సు దిగాక వాళ్లకిచ్చేశాను. ఒకతను థ్యాంక్స్ చెప్పి ఫోన్ తీసి, "అన్నా, మాకింకా రెండ్రోజులుంది. ఫెయిర్‌బ్యాంక్స్, ఆర్కిటిక్ సర్కిల్, సీవర్డ్ మూడూ కవర్ అవుతాయా?" అని ఒక షీట్ చూపించాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ "నీకు మా తమ్ముడు తెలుసా?" అంది.