లిపిడ్ల అణు నమూనాల కిట్: ఫ్యాటీ ఆమ్లాలు భేష్, కొలెస్టరాల్ అసంపూర్ణం

కొవ్వులు, వాటిని పోలిన పదార్థాలు అయిన లిపిడ్ల నిర్మాణాన్ని బోధించేందుకు తెప్పించుకున్న ఈ కిట్‌లో అన్నిటికన్నా మెచ్చుకోదగినది ఫ్యాటీ ఆమ్లాల భాగం. 18 కార్బన్ల స్టియరిక్ ఆమ్లపు గొలుసు తిన్నగా నిలుస్తుంది; అన్నే కార్బన్లున్న ఓలియిక్ ఆమ్లంలో 9, 10 కార్బన్ల మధ్య సిస్ ద్విబంధాన్ని (రెండు వైపుల గొలుసు ఒకే పక్కకు ఉండే జంట బంధాన్ని) బిగించగానే గొలుసు అక్కడ వంగిపోతుంది. అలా వంగిన గొలుసులను పక్కపక్కన పేర్చబోతే నడుమ ఖాళీలు మిగులుతాయి కనుక, ఇలాంటి ద్విబంధాలున్న అసంతృప్త కొవ్వులు తక్కువ ఉష్ణోగ్రత వద్దే ఎందుకు కరుగుతాయో విద్యార్థికి వేరే వివరణ అక్కర లేకుండానే బోధపడుతుంది. గ్లిజరాల్‌కు మూడు ఫ్యాటీ ఆమ్లాలను కలిపి కొవ్వు అణువైన ట్రైగ్లిజరైడ్‌ను తయారుచేసేటప్పుడు మూడు నీటి అణువులను విడదీసి పక్కన పెట్టవలసి రావడం కూడా చక్కని ఏర్పాటు.

కణాన్ని చుట్టి ఉండే త్వచంలోని ముఖ్య లిపిడ్ అయిన ఫాస్ఫోలిపిడ్‌లో నీటిని కోరే తలకు ఒక రంగు, నీటికి ఎడంగా జరిగే రెండు తోకలకు మరొక రంగు ఇచ్చారు. ఉన్న ముక్కలతో కణత్వచపు రెండు పొరలను కొద్దిమేరకు అమర్చి చూపవచ్చు.

కొలెస్టరాల్ దగ్గరే నిరాశ ఎదురైంది. నాలుగు వలయాలను ఒకే గట్టి పలకగా పోతపోయడం సబబే, ఎందుకంటే ఆ వలయాలు నిజంగానే సులువుగా వంగవు. అయితే హైడ్రాక్సిల్ సమూహాన్ని (నీటిని కోరే OH భాగాన్ని) తగిలించే రంధ్రమే లేకపోవడంతో, త్వచంలో ఈ అణువు ఏ కొసను నీటివైపు తిప్పుతుందో చూపడం సాధ్యం కాదు. కొలెస్టరాల్ నుంచి తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్ల ప్రస్తావన కరపత్రంలో ఒక్క వాక్యంతో ముగిసింది. ఫ్యాటీ ఆమ్లాలు, త్వచాలు బోధించే ఉపాధ్యాయులు దీన్ని నిరభ్యంతరంగా కొనవచ్చు; స్టెరాయిడ్ల కోసమైతే వేరే కిట్ చూసుకోవడం మంచిది.