4×6 లేబులా, 50×25 లేబులా?

ఇంటి నుంచి చీరలో పచ్చళ్లో అమ్మేవాళ్లకు థర్మల్ ప్రింటర్ (వేడితో లేబుళ్లు అచ్చువేసేది) కొనేటప్పుడే ఈ ప్రశ్న ఎదురవుతుంది.

పని: 4×6 అంగుళాలది కొరియర్ పార్శిల్‌కి, అడ్రస్, బార్‌కోడ్, రిటర్న్ వివరాలు అన్నీ పడతాయి. 50×25 మి.మీ.ది సరుకు మీద ధర, బార్‌కోడ్ వరకే.

ఖర్చు: చిన్న లేబుల్ చవక. కానీ 2 అంగుళాల వెడల్పు ప్రింటర్ కొంటే పెద్ద లేబుల్ ఎప్పటికీ రాదు. 4 అంగుళాలదాంట్లో సాధారణంగా రెండూ నడుస్తాయి, రోల్ మార్చుకోవాలంతే.

రిస్క్: కొరియర్ లేబుల్‌ని కుదించి చిన్నదాని మీద కొడితే గీతలు అతుక్కుపోయి స్కాన్ కాదు. సరుకుల మీద ఉండే 13 అంకెల ఈఏఎన్-13 బార్‌కోడ్ మామూలు వెడల్పు, పక్కల ఖాళీతో కలిపి, సుమారు 37 మి.మీ.; ఆ సైజులో 80 శాతం కంటే చిన్నది చేయకూడదు. 50 మి.మీ.లో హాయిగా పడుతుంది. ఇక డైరెక్ట్ థర్మల్ అచ్చు (ఇంకు లేకుండా కాగితాన్నే వేడిచేసి వేసేది) ఎండకూ వేడికీ చెడుతుంది. పార్శిల్‌కి వారం నిలిస్తే చాలు. నెలల తరబడి షెల్ఫ్‌లో ఉండే సీసాకైతే ఇంకు రిబ్బన్‌తో వేసే థర్మల్ ట్రాన్స్‌ఫర్ మేలు.

ఆన్‌లైన్ ఆర్డర్లే ఎక్కువైతే 4×6. కౌంటర్ అమ్మకమే అయితే 50×25. పచ్చడి సీసాకి మాత్రం తయారీదారు చిరునామా, నికర బరువు, తేదీ కూడా వేయాలి కాబట్టి 50×25 ఇరుకే. ఇంకాస్త పెద్దది తీసుకోండి.