ఆక్టావియా ఆర్‌ఎస్‌లో డ్యూయల్ వాల్వ్ స్ప్రింగులు, కొత్త ట్యాపెట్లు: కొన్నేళ్లు వాడాక

నాది పాత స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్. 2004లో మన దేశంలో దిగిన మోడల్. 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్, 150 పీఎస్. సిలిండరుకు 5 వాల్వులు కాబట్టి మొత్తం 20 వాల్వులు, 20 హైడ్రాలిక్ ట్యాపెట్లు. వాల్వుల్ని నొక్కే ముక్కులున్న కడ్డీ క్యామ్; దానికీ వాల్వుకీ మధ్య ఉండి, లోపలి ఆయిల్‌తో సందుని తనే సర్దుకునే చిన్న గిన్నె లాంటిది ట్యాపెట్. ఉండేది విజయనగరంలో. ఊళ్లో తిరుగుడు కాకుండా నాతవలస మీదుగా శ్రీకాకుళం హైవే, వీలు చిక్కితే సాలూరు దాటి పి.కోనవలస ఘాట్. ఈ కారుకి అసలు పరీక్ష ఆ ఘాట్‌లోనే.

రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించి బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెంచిన తర్వాత అక్కడ సెకండ్ గేర్‌లో 6,000 ఆర్‌పీఎం దాటితే ఇంజిన్ తడబడేది. కాయిళ్లు, ప్లగ్గులు అన్నీ చూపించాం, బాగానే ఉన్నాయి. చివరికి అనుమానం వాల్వ్ స్ప్రింగుల మీదకి వచ్చింది.

6,000 ఆర్‌పీఎం దగ్గర క్యామ్ నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. తెరిచేది క్యామ్, మూసేది స్ప్రింగ్. స్ప్రింగ్ బలం చాలకపోతే ట్యాపెట్ క్యామ్‌ని అంటిపెట్టుకుని ఉండలేదు. దీన్నే వాల్వ్ ఫ్లోట్ అంటారు. టర్బో బండికి ఇంకో తంటా ఉంది. బూస్ట్ గాలి ఇన్‌టేక్ వాల్వుని వెనక నుంచి నెడుతూ ఉంటుంది. వాల్వు తల దాదాపు 27 మిల్లీమీటర్లు, కాబట్టి 1 బార్ బూస్ట్‌కి ఐదున్నర కేజీలకు పైగా తోపు. హైడ్రాలిక్ ట్యాపెట్ సంగతి సరేసరి. కాస్త సందు దొరికితే చాలు, ఆయిల్ నింపుకుని పొడుగవుతుంది. ఇక వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది.

టైమింగ్ బెల్టు, వాటర్ పంపు మార్చే సమయం కూడా రావడంతో వాల్వులుండే ఇంజిన్ హెడ్ దింపించేశాను. లేత్ షాపులో స్ప్రింగ్ టెస్టర్ మీద పాతవి ఒక్కొక్కటీ నొక్కి చూశాం. అన్నీ ఒకే ఎత్తుకి నొక్కినా కొన్ని ఇట్టే దిగిపోయాయి, కొన్ని ఇంకా బిగువుగానే ఉన్నాయి. సూపర్‌టెక్ కంపెనీ డ్యూయల్ స్ప్రింగులు, టైటానియం రిటెయినర్లు (స్ప్రింగుని వాల్వు కాడకి పట్టి ఉంచే టోపీలు) తెప్పించాను. డ్యూయల్ అంటే స్ప్రింగులో స్ప్రింగు. లోపలిదాని సహజ కంపనం వేరు కాబట్టి బయటిది అదరడం మొదలైనా రెండూ కలిసి అదరవు. ఒకటి విరిగినా వాల్వు సిలిండర్లో పడకుండా రెండోది పట్టుకునే అవకాశం ఉంటుంది.

ఇంకా గట్టి సెట్ కూడా దొరుకుతుంది. సాలూరులో లారీ ఇంజిన్ల దగ్గర పని నేర్చిన మా మేస్త్రి ఆ మాట వినగానే, "ఏటి బాబూ, అంత గట్టిదేస్తే క్యామ్ ఏమైపోతాదో చూసుకున్నావా?" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ బరువంతా పడేది క్యామ్ ముక్కు మీద, ట్యాపెట్ నెత్తి మీద. వాల్వుని అదుపులో ఉంచడానికి ఎంత అవసరమో అంతే ఉండాలి.

ట్యాపెట్ల దగ్గర మాత్రం నాకు చాలా చిరాకు కలిగింది. చవగ్గా దొరికిన ఒక సెట్ వేస్తే కొన్నాళ్లకే టిక్కుటిక్కు మొదలైంది. రాత్రంతా ఆగిన బండి పొద్దున్న స్టార్ట్ చేయగానే కాసేపు చప్పుడు చేయడం మామూలే. ఇది ఇంజిన్ వేడెక్కినా తగ్గలేదు. క్యామ్ ముక్కు పైకి ఉన్నప్పుడు చెక్కముక్కతో ట్యాపెట్‌ని కిందకి నొక్కి, 0.2 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. అది దూరిందంటే ట్యాపెట్ పోయినట్టే. మావాటిలో కొన్నింటికి దూరింది. బయటికి తీసి నెత్తి మీద స్టీలు స్కేలు అంచు ఆనిస్తే మధ్యలోంచి సన్నటి వెలుగు కనిపించింది, అక్కడ అరిగి పల్లమైంది. తర్వాత ఐఎన్ఏ కంపెనీ ట్యాపెట్లు వేయించాను. అప్పటి నుంచి బాధ లేదు.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్తాను. కొత్త ట్యాపెట్లు బిగించాక కనీసం అరగంట ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు. అవి సర్దుకోకముందే తిప్పితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. మేస్త్రి తొందరపడినా మీరు ఆపండి.

ఇన్నేళ్లలో ఘాట్‌లో ఆ తడబాటు మళ్లీ రాలేదు. రెడ్ లైన్ (ఇంజిన్ ఆర్‌పీఎం గరిష్ఠ హద్దు) దాకా ఒకే ఊపులో లాగుతుంది. కింది ఆర్‌పీఎంలో తేడా ఏమీ తెలియదు, మైలేజీ పెరగదు, ఊళ్లో నడిపేటప్పుడు పెట్టిన డబ్బు ఎక్కడా కనిపించదు. ఆయిల్ విషయంలో మాత్రం రాజీ పడను. వీడబ్ల్యూ (ఫోక్స్‌వ్యాగన్) 502.00 ప్రమాణం ఉన్న 5డబ్ల్యూ-40 పోయించి, మా ఎండలకి గడువు కంటే ముందే మార్పించేస్తాను.

రీమ్యాప్ లేని బండికి ఈ స్ప్రింగులు అక్కర్లేదు. చప్పుడు ఒక్కటే మీ బాధ అయితే ముందు ఆయిల్ ప్రెషర్, రెండు క్యామ్‌లనూ కలిపే చైన్ టెన్షనర్ చూపించండి. ఆ టెన్షనర్ పాతబడినా అచ్చం ట్యాపెట్ సౌండే వస్తుంది.