కదలని ఆ కొన్ని క్షణాల కోసం: ‘కూలీ’ డీవీడీపై ఒక సమీక్ష

ఆదివారాల్లో ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరిచే చోట ఒకరిద్దరు పాత సినిమాల డిస్కులు కూడా పెడుతుంటారు. మన్మోహన్ దేశాయ్ దర్శకత్వంలో 1983లో విడుదలైన హిందీ చిత్రం ‘కూలీ’ డీవీడీ నాకు అక్కడే, పైనున్న ప్లాస్టిక్ కాగితం కూడా విప్పని స్థితిలో, 80 రూపాయలకు దొరికింది. ఏ సినిమానైనా ఫోనులో చూడగలిగే ఈ రోజుల్లో డిస్కు కొనడమెందుకని ఇంట్లో అడిగారు. ఈ చిత్రంలో ఒక కొట్లాట మధ్య బొమ్మ కొన్ని క్షణాలపాటు కదలకుండా నిలిచిపోతుంది. ఆ చోటును ప్రకటనల అడ్డు లేకుండా, వెనక్కీ ముందుకూ జరుపుకుంటూ, తీరికగా చూడాలన్నదే నా కోరిక. అందువల్ల ఈ డిస్కును సినిమా వినోదం కొలతతో కాక, ఆ కొన్ని క్షణాలకు అది ఎంత న్యాయం చేసిందన్న కొలతతోనే తూచుతున్నాను.

ఆ క్షణాల వెనకున్న సంగతి చాలామందికి తెలిసినదే అయినా, సమీక్షకు అవసరం కనుక చెబుతున్నాను. 1982 జూలై చివరి వారంలో బెంగళూరు విశ్వవిద్యాలయ ఆవరణలో ఈ చిత్రానికి ఫైటు తీస్తున్నారు. అప్పుడే సినిమాల్లోకి అడుగుపెడుతున్న పునీత్ ఇస్సార్ గుద్దాలి, అమితాబ్ బచ్చన్ ఆ దెబ్బకు బల్ల మీద పడాలి. టైమింగ్ తప్పింది. బల్ల అంచు పొట్టలోకి గట్టిగా దిగి, లోపల పేగు చిరిగింది. బెంగళూరులో వైద్యం చేశాక ఆయనను బొంబాయిలోని బ్రీచ్ కాండీ ఆసుపత్రికి విమానంలో తరలించారు. ఆగస్టు 2న వైద్యులు దాదాపు ఆశ వదులుకున్న ఘడియ ఒకటి వచ్చింది, అదే రోజున ఆయన మళ్లీ ఊపిరి అందుకున్నారు. అభిమానులు నేటికీ ఆ తేదీని ఆయన రెండవ పుట్టినరోజుగా పాటిస్తారు. సెప్టెంబరు 24న ఇంటికి చేరిన ఆయన, తరువాత అదే చిత్రం షూటింగుకు తిరిగి వచ్చారు. ప్రమాదం జరిగిన షాటును దేశాయ్ తీసెయ్యలేదు. దెబ్బ తగిలిన చోట బొమ్మను నిలిపి, ఆయన గాయపడినది ఇక్కడేనని తెర మీద అక్షరాలతో రాయించి, కథను తిరిగి నడిపించారు.

ఇక డిస్కు విషయం. బొమ్మను పాత టీవీ పెట్టెకు సరిపోయేలా నాలుగు వైపులా కొద్దికొద్దిగా కోశారు. మిగిలిన సినిమాలో ఇది అంతగా బాధించదు, రైల్వే స్టేషన్ దృశ్యాల్లో చివరన నిలబడిన కూలీల ముఖాలు సగమే కనిపిస్తాయి, అంతే. కానీ బొమ్మ నిలిచిన చోట తెర మీది రాతలో కూడా అంచు అక్షరాలు తెగిపోవడం క్షమించలేని తప్పు. చదవవలసిన ఒక్క వాక్యాన్ని చదవనివ్వకుండా చేశారు. పైగా సన్నివేశాల పట్టికలో పాటలన్నింటికీ వేరువేరు గుర్తులు పెట్టినవారు, ఈ ఫైటుకు గుర్తు పెట్టలేదు. రిమోట్‌తో వెతుక్కోవలసి వచ్చింది. మొదటిసారి వెతికినప్పుడు వేగంలో దాన్ని దాటిపోయాను కూడా.

రంగులు కొంత వెలిసినా, కూలీల చొక్కాల ఎరుపు మాత్రం బాగానే నిలిచింది. లక్ష్మీకాంత్–ప్యారేలాల్ పాటల్లో శబీర్ కుమార్ గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఒక్కోసారి మాట కన్నా ముందే వచ్చేస్తాయి. అదనపు విశేషాలంటూ ఏమీ లేవు, అట్ట వెనక ప్రమాదం గురించి ఒక్క మాటా లేదు. ఈ చివరి లోపం నాకు బొమ్మ కోత కన్నా పెద్దదిగా తోచింది, ఎందుకంటే ఆ సంగతి తెలియనివారికి ఈ సినిమా ముగింపు సగమే అర్థమవుతుంది.

దేశాయ్ మొదట అనుకున్న కథలో అమితాబ్ పోషించిన కథానాయకుడు ఇక్బాల్ చివరకు చనిపోతాడు. నిజజీవితంలో చావును దాటి వచ్చిన మనిషిని తెర మీద చంపడం తగదని భావించి ఆయన ఆ ముగింపును మార్చారు. హాజీ అలీ దర్గా దగ్గర గుళ్లు తగిలిన ఇక్బాల్ కోసం అన్ని మతాల కూలీలూ ప్రార్థిస్తారు, అతడు బతికి బయటపడతాడు. ఆసుపత్రి బయట గుమిగూడిన ఆ జనాన్ని చూస్తున్నప్పుడు 1982 ఆగస్టులో దేశమంతటా గుళ్లలో, మసీదులలో, చర్చిలలో జరిగిన ప్రార్థనలే కళ్ల ముందు మెదులుతాయి. అంటే మన చేతిలో ఉన్న ఈ డిస్కులోని చివరి పది నిమిషాలు ఒక ప్రమాదం ఒక విధంగా ముగిసినందువల్లనే పుట్టాయి. అది మరో విధంగా ముగిసి ఉంటే ఏమయ్యేదని ఊహించడానికి ఇంతకన్నా మంచి చోటు మన సినిమాలలో నాకు కనిపించలేదు. ఆ మరో ముగింపు కూడా ఒకప్పుడు కాగితం మీద ఉన్నది కదా.

ఇలాంటి ఊహలు చేసేటప్పుడు నేనొక నియమం పెట్టుకుంటాను. మార్చేది ఒక్క క్షణాన్నే, మిగిలినదంతా అప్పటికి ఎలా ఉందో అలాగే ఉంచాలి. ఆ లెక్కన ముందుగా మారేది ఈ చిత్రమే. నటుడు మధ్యలో పోతే నిర్మాతలకు రెండు దారులున్నాయి. గురుదత్ 1964లో మరణించినప్పుడు, ఆయన నటిస్తున్న ‘బహారే ఫిర్ భీ ఆయేంగీ’ చిత్రాన్ని ధర్మేంద్రతో తీసి 1966లో విడుదల చేశారు. బ్రూస్ లీ 1973లో పోయాక, ఆయన సగంలో వదిలిన చిత్రాన్ని డూపులతో అతికించి 1978లో తెర మీదకు తెచ్చారు. ఇక్బాల్ పాత్రను ఇంకొకరితో మళ్లీ తీయడం నా దృష్టిలో అసాధ్యం, ఆ పాత్ర రాసిందే అమితాబ్ కోసం. కనుక ‘కూలీ’ డూపులతో, వెనక నుంచి తీసిన షాట్లతో, మరొకరి డబ్బింగ్‌తో బయటికి వచ్చేదని, పాత కథలో ఉన్నట్టే ఇక్బాల్ చనిపోయేవాడని నేననుకుంటున్నాను. జనం దాన్ని చూడడానికి కాదు, ఏడవడానికి వెళ్లేవారు.

అంతకన్నా ముందు, 1982 అక్టోబరులో ‘శక్తి’ వచ్చేది. అందులో దిలీప్ కుమార్ పోలీసు అధికారి, అమితాబ్ ఆయన కొడుకు. చివరలో తండ్రి తూటాకే కొడుకు నేలకూలి, ఆ తండ్రి చేతుల్లోనే ప్రాణం విడుస్తాడు. నిజంగా ఆ చిత్రం విడుదలైనప్పుడు కొడుకు పాత్రధారి ఇంట్లో కోలుకుంటున్నాడు, అందుకే ప్రేక్షకులు దాన్ని ఇద్దరు గొప్ప నటుల పోటీగా చూడగలిగారు. ఆయన లేకపోయి ఉంటే ఆ సన్నివేశాన్ని నటనగా చూసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఒక తరం నటుడి చేతుల్లో తరువాతి తరం నటుడు నిజంగానే కన్నుమూసినట్టుగా అది చరిత్రలో మిగిలిపోయేది. ఈ డిస్కుతో పాటు అదే ఫుట్‌పాత్ మీద ‘శక్తి’ డిస్కు కూడా దొరికింది. రెండింటినీ వరుసగా రెండు రాత్రులు చూశాను. మొదటి రాత్రి నిద్ర పట్టలేదు.

ప్రమాదం నాటికి అమితాబ్‌కు 39 ఏళ్లు. 1973లో ‘జంజీర్’తో మొదలైన కోపిష్ఠి యువకుడి కాలం తొమ్మిదేళ్లకే ఆగిపోయేది, మన మనసుల్లో ఆయనకు వయసు పెరిగేది కాదు. తెల్లగడ్డం, 2000లో టీవీలో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ క్విజ్‌లో వేడికుర్చీ ఎదుట కూర్చుని సామాన్యులను ఆప్యాయంగా పలకరించిన ఆ గొంతు, ‘బ్లాక్’, ‘పీకూ’ వంటి చిత్రాల్లోని ముసలి తండ్రులూ గురువులూ ఉండేవారు కాదు. వయసు మళ్లిన నటుడి చుట్టూ కథ రాయవచ్చునని హిందీ సినిమా నేర్చుకున్నది చాలావరకు ఆయన వల్లనే. ఆ పాఠం లేకపోవడమే అన్నింటికన్నా పెద్ద నష్టమని నేను భావిస్తున్నాను, ఎందుకంటే యాక్షన్ హీరోకు ప్రత్యామ్నాయం ఎవరో ఒకరు దొరికేవారు, ఈ వృద్ధుడికి దొరికేవారు కారు.

తెలుగువారికి ఈ ఊహలో ఒక ప్రత్యేకమైన ఆసక్తి ఉండాలి. ‘జంజీర్’, ‘దీవార్’, ‘డాన్’ కథలను మనం ‘నిప్పులాంటి మనిషి’, ‘మగాడు’, ‘యుగంధర్’గా ఎన్.టి.రామారావు రూపంలో చూసుకున్నాం. 1983కి వచ్చేసరికి కథల రవాణా ఎదురు దిశలో సాగింది. కృష్ణ నటించిన ‘ఊరుకి మొనగాడు’ను కె.రాఘవేంద్రరావు జితేంద్ర, శ్రీదేవిలతో ‘హిమ్మత్‌వాలా’గా తీసి బొంబాయిని ఊపేశారు. అదే సంవత్సరం తాతినేని రామారావు తీసిన ‘అంధా కానూన్’లో రజనీకాంత్ హిందీకి పరిచయమయ్యారు, అమితాబ్ అందులో ఒక ముఖ్యమైన పాత్ర చేశారు. అంతకు రెండేళ్ల ముందు అదే కథను మనం చిరంజీవితో ‘చట్టానికి కళ్లులేవు’గా చూశాం. అమితాబ్ ఖాళీ చేసిన చోటును ఈ దక్షిణాది గాలి ఇంకా వేగంగా నింపి ఉండేదని నా అభిప్రాయం. బహుశా రజనీకాంత్ హిందీ ప్రయాణం అంత త్వరగా చల్లబడేది కాదు. అయితే మద్రాసు నుంచి బొంబాయికి కథలు వెళ్లడం ఆ ప్రమాదానికి ముందే మొదలైందని గుర్తుంచుకోవాలి. దానికి కారణం ఒకరి లేమి కాదు, మన దర్శకుల పని వేగం, ఖర్చు మీద వారికున్న అదుపు.

ఈ కథలో ఎక్కువగా మరచిపోయే మనిషి పునీత్ ఇస్సార్. నటించవలసిన గుద్దు తగలరాని చోట తగిలినందుకు ఆయన ఎంత నలిగిపోయారో, ఎన్ని అవకాశాలు పోగొట్టుకున్నారో తరువాతి కాలంలో ఆయనే చెప్పారు. అమితాబ్ ఆసుపత్రి మంచం మీద నుంచే ఆయనను ఓదార్చారు. అమితాబ్ బతకడం వల్లనే పునీత్ నటుడిగా బతికారు. 1988లో దూరదర్శన్‌లో బి.ఆర్.చోప్రా ‘మహాభారత్’ మొదలైనప్పుడు దుర్యోధనుడు ఆయనే. దుర్యోధనుడంటే రామారావు తప్ప మరొకరు కనబడని మన ఇళ్లలో కూడా ఆదివారం ఉదయాలు ఆ గదను చూస్తూ గడిచాయి. ఆ జూలై మరోలా ముగిసి ఉంటే ఆ మనిషికి ఎవరైనా దుర్యోధన పాత్ర ఇచ్చేవారా? ఇచ్చేవారు కాదని నేను ఖచ్చితంగా నమ్ముతున్నాను. 2024లో ‘కల్కి 2898 ఏడీ’లో అమితాబ్ అశ్వత్థామగా కనిపించారు. దుర్యోధనుడి పక్షాన చివరిదాకా నిలిచి, మానని గాయంతో, చావు రాని శాపంతో తిరిగేవాడు అశ్వత్థామ. బెంగళూరులో ఆ బల్ల దగ్గర నిలబడిన ఇద్దరూ వేరువేరు కాలాల్లో, వేరువేరు భాషల్లో ఒకే పక్షానికి చెందిన ఇద్దరు యోధులయ్యారు. ఆ తెలుగు చిత్రం కోసమే 2023 మార్చిలో హైదరాబాదులో పనిచేస్తుండగా పక్కటెముక దగ్గర అమితాబ్‌కు మళ్లీ గాయమైంది. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు.

బతకడం కూడా ఉచితంగా రాలేదు. ఆసుపత్రిలో సుమారు 200 మంది దాతలు ఇచ్చిన 60 సీసాల రక్తం ఎక్కించారని, వాటిలో ఒకదాని ద్వారా హెపటైటిస్ బి సోకిందని, చాలా ఏళ్ల తరువాత బయటపడేసరికి కాలేయంలో 75 శాతం దెబ్బతిన్నదని ఆయనే బహిరంగంగా చెప్పారు. ఆ విషయం చెబుతూ ఆయన చేసిన ప్రచారం వల్ల ఎందరో టీకాలు వేయించుకున్నారు. 1984లో అలహాబాదులో హేమవతీ నందన్ బహుగుణను ఓడించి లోక్‌సభకు వెళ్లడం, 1987లో రాజీనామా చేయడం కూడా ఆ రెండవ జన్మలోనివే.

ఇన్ని సంగతులను మోస్తున్న ఒక దృశ్యాన్ని ఇంత నిర్లక్ష్యంగా అచ్చువేసిన డిస్కును కొనవచ్చునా అంటే, 80 రూపాయలకు కొనవచ్చునని చెబుతాను, కొత్త డిస్కు ధర పెట్టి మాత్రం కొనవద్దు. తెర మీది రాతను పూర్తిగా చదవాలనుకునేవారు టీవీలో బొమ్మను సాగదీసే అమరికను తీసివేసి చూడండి, తెగిన అక్షరాలు తిరిగి రావు కానీ ఉన్నవి స్పష్టపడతాయి. ఈ చిత్రం హక్కులు ఎవరి దగ్గరున్నా, నెగెటివ్ ఇంకా బాగుంటే, దాన్ని పూర్తి వెడల్పుతో శుభ్రం చేయించి, ఆ ఫైటుకు విడిగా ఒక గుర్తు పెట్టి, దేశాయ్ మార్చిన ముగింపు గురించి అట్ట మీద రెండు పేరాలు రాయించి మళ్లీ విడుదల చేయాలని కోరుతున్నాను. అలా వస్తే మొదటి రోజే, అడిగిన ధరకే కొంటాను. అంతవరకు ఈ 80 రూపాయల డిస్కు నా బీరువాలో ‘శక్తి’ పక్కన ఉంటుంది.