కాయిన్‌గెకో: ధర పక్కన పెట్టి మిగతావి చూసేవాళ్లకు

కాయిన్‌గెకో అనే క్రిప్టో సైట్‌లో ఏ కాయిన్ పేజీ తెరిచినా ముందు కంటపడేది ధర. కొనాలా వద్దా తేల్చుకోవడానికి అన్నిటికంటే తక్కువ పనికొచ్చేదీ అదే. ఈ సైట్‌ను చాలాకాలంగా వాడుతున్న నా అభిప్రాయం ఇది.

కడపలో పన్ను రిటర్నులు వేసే ఆఫీసులో పనిచేస్తాను. 2022లో క్రిప్టో లాభాల మీద పన్ను వచ్చాక, మా దగ్గరికి వచ్చే కుర్రాళ్ల లెక్కల్లో ఎప్పుడూ వినని కాయిన్ల పేర్లు కనిపించసాగాయి. అవేంటో తెలుసుకోవడానికే దీన్ని వాడటం మొదలుపెట్టాను. 2014లో మలేషియాలో పుట్టిన సైట్ ఇది. కాయిన్ల లెక్కలు చూపిస్తుంది. ధరలు రూపాయల్లో కనిపించేలా పెట్టుకోవచ్చు. మామూలుగా వాడటానికి డబ్బు కట్టాల్సిన పనిలేదు.

నేను ముందుగా చూసేది సప్లై, అంటే కాయిన్లు ఎన్ని ఉన్నాయన్నది. ప్రొద్దుటూరు నుంచి మా చిన్నమ్మ కొడుకు వచ్చి ఒకరోజు షిబా ఇను అనే కాయిన్ చూపించాడు. "అన్నా, పైసా కూడా లేదు. రూపాయికి పోతే చాలు, మన దశ తిరిగిపోతుంది" అన్నాడు. వాడి ఫోన్‌లోనే ఆ పేజీ తీసి, సర్క్యులేటింగ్ సప్లై (ఇప్పుడు మార్కెట్‌లో తిరుగుతున్న కాయిన్ల సంఖ్య) చదవమన్నాను. సుమారు 589 లక్షల కోట్ల కాయిన్లు. "ఒక్కోటి రూపాయి అయితే మొత్తం ఎంతరా?" అని అడిగాను. 589 లక్షల కోట్ల రూపాయలు. 2024-25లో మన దేశ జీడీపీయే 330 లక్షల కోట్ల దగ్గర ఉంది. వాడు ఫోన్ దగ్గరికి తీసుకుని సున్నాలు మళ్లీ లెక్కపెట్టాడు. పైసల్లో దొరికే కాయిన్ చవక అనుకునే ప్రతి ఒక్కరితో నేను ఈ గుణకారం చేయిస్తాను. బిట్‌కాయిన్ ఖరీదుగా కనిపించడానికీ కారణం ఇదే. అవి మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించి రావు.

ఆ పక్కనే ఎఫ్‌డీవీ అని ఇంకో అంకె ఉంటుంది. చాలామంది దాని మీద చూపు కూడా పెట్టరు. ఇప్పుడు చేతులు మారుతున్న కాయిన్లతో కట్టిన విలువ మార్కెట్ క్యాప్. ముందుముందు రావాల్సినవన్నీ కలిపి కట్టిన విలువ ఎఫ్‌డీవీ. ఈ రెండింటి మధ్య తేడా ఎంత పెద్దదైతే నాకు అంత టెన్షన్. 2023 జులైలో వరల్డ్‌కాయిన్ అనే కాయిన్ వచ్చినప్పుడు మొత్తం టోకెన్లు (అంటే కాయిన్లే) 1,000 కోట్లు, మొదట బయటికి వదిలినవి మాత్రం ఎక్కువలో ఎక్కువ 14.3 కోట్లు. అందులోనూ 10 కోట్లు ట్రేడింగ్ సంస్థలకు అప్పుగా ఇచ్చినవే. మిగతావి ఏళ్ల తరబడి మార్కెట్‌లోకి వస్తూనే ఉంటాయి. కొనేవాళ్లు అదే లెక్కన పెరగకపోతే ధర నిలవదు. అందుకే ఎవరి టోకెన్లు ఎప్పుడు విడుదలవుతాయో, కాయిన్ తెచ్చినవాళ్లు రాసే ప్రాజెక్టు పత్రాల్లో చదవకుండా నేను ఏ కాయిన్ గురించీ మాట ఇవ్వను.

నాకు ఈ సైట్‌లో బాగా నచ్చింది మార్కెట్స్ పట్టిక. ప్రొద్దుటూరులో నగ కొనేటప్పుడు మన ఆడవాళ్లు "తిరిగి ఇస్తే తరుగు ఎంత తీస్తారు?" అని ముందే అడుగుతారు. కాయిన్‌కూ ఆ ప్రశ్న వేయాలి. కాయిన్లు కొని అమ్మే ఏయే ఎక్స్ఛేంజీల్లో ఎంత వ్యాపారం జరుగుతోందో, ధర 2 శాతం కదలడానికి ఎంత డబ్బు చాలో ఆ పట్టికలో ఉంటుంది. అందులో మైనస్ 2 శాతం అనే గడిలో కొన్ని వేల రూపాయలే కనిపిస్తే, లక్ష రూపాయల కాయిన్లు ఒక్కసారిగా అమ్మబోతే మన అమ్మకమే ధరను పడగొడుతుంది. అసలు అమ్మనివ్వని కాయిన్లూ ఉన్నాయి. స్క్విడ్ టోకెన్ 2021 నవంబరు 1న 2,800 డాలర్లు దాటి, చూస్తుండగానే సున్నాకు పడింది. కొన్నవాళ్లకు అమ్ముకునే దారే లేదు. గ్రాఫ్ మాత్రం ఆ క్షణం వరకూ నిటారుగా పైకే ఉంది.

అదే పేజీలో కాంట్రాక్ట్ అడ్రస్, అంటే ఆ టోకెన్‌ను గుర్తుపట్టే కోడ్ ఉంటుంది. ఒకే పేరుతో నకిలీ టోకెన్లు బోలెడు తిరుగుతుంటాయి కాబట్టి, టెలిగ్రామ్‌లో ఎవరో పంపిన అడ్రస్ కాకుండా ఇక్కడిదే కాపీ చేసుకోవాలి. ఎథీరియం అనే నెట్‌వర్క్ మీద నడిచే టోకెన్ అయితే ఆ అడ్రస్‌ను ఈథర్‌స్కాన్ అనే సైట్‌లో పెట్టి హోల్డర్స్ జాబితా (ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో) చూస్తాను. పైనున్న పది వాలెట్లలోనే (కాయిన్లు దాచుకునే ఖాతాల్లోనే) సగానికి పైగా ఉంటే, అవి ఎవరివో తేలేదాకా ముందుకు పోను. ఎక్స్ఛేంజీల వాలెట్లయితే సాధారణంగా పక్కనే పేరు ఉంటుంది. పేరు లేని వాలెట్ ఒక్కటే పాతిక శాతం పట్టుకుని కూర్చుంటే అక్కడితో ఆపేస్తాను.

లోపాలు లేవని కాదు. ట్రెండింగ్ జాబితా నాకు అస్సలు నచ్చదు. లెక్క చూద్దామని వచ్చినవాడికి ఆశ పుట్టిస్తుంది. సప్లై అంకెలు చాలావరకు ప్రాజెక్టువాళ్లు చెప్పినవే. అన్నిటికంటే ముఖ్యమైనది, కాయిన్ నడిచే పద్ధతిలోని లోపం ఏ పట్టికలోనూ కనిపించదు. 2022 మే మొదట్లో లూనా అనే కాయిన్ పెద్ద కాయిన్ల వరుసలోనే ఉంది. వ్యాపారానికీ కొరత లేదు. దాని జంట కాయిన్ యూఎస్‌టీ ధరను ఒక డాలరు దగ్గర నిలబెట్టడానికి లూనాను కొత్తగా ముద్రిస్తూ పోవాలన్నదే ఆ పద్ధతి. జనం ఒక్కసారిగా బయటికి పరుగెత్తేసరికి సుమారు 35 కోట్లున్న లూనాలు కొద్దిరోజుల్లోనే 6.5 లక్షల కోట్లయ్యాయి. యూఎస్‌టీ దాచుకుంటే దాదాపు 20 శాతం వడ్డీ ఇస్తామన్నారు. ఆ వడ్డీ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు కాయిన్‌గెకోలో దొరకదు, పత్రాలు కూర్చుని చదవాల్సిందే. బిట్‌కాయిన్ పత్రం తొమ్మిది పేజీలే. చదవడం అలవాటు చేసుకోవడానికి దాంతో మొదలుపెట్టమంటాను.

మన పన్ను సంగతి కూడా ఇందులో ఉండదు. ఒక కాయిన్‌లో లక్ష లాభం, ఇంకోదాంట్లో లక్ష నష్టం వచ్చిందనుకోండి. చేతికి మిగిలింది సున్నా. పన్ను మాత్రం ఆ లక్ష లాభం మీద 30 శాతం, సెస్సుతో కలిపి 31,200 రూపాయలు. నష్టాన్ని వచ్చే ఏడాదికీ తీసుకుపోలేరు. ఒక కాయిన్ ఇచ్చి ఇంకోటి తీసుకున్నా అమ్మినట్టే లెక్క. ఇది తెలియక మార్చి దాటాక మా ఆఫీసు మెట్లెక్కే పిల్లల ముఖాలు చూస్తే నిజంగా బాధేస్తుంది. చిన్నచిన్న కాయిన్లు పది కొని పంచి పెట్టుకుంటే రిస్కు తగ్గుతుందనే సలహా మన దగ్గర సగమే నిజం, ఎందుకంటే ఆ పదింటిలో పోయిన తొమ్మిదీ పన్ను లెక్కలోకి రావు.

ఫోన్‌లో కంటే కంప్యూటర్‌లో చూడటం మేలు, మార్కెట్స్ పట్టిక మొత్తం ఒకేచోట కనిపిస్తుంది. డబ్బు కట్టే ప్లాన్ అవసరం నాకు ఇంతవరకూ రాలేదు. కాయిన్‌గెకో, ఈథర్‌స్కాన్, ప్రాజెక్టు పత్రం మూడూ పక్కపక్కన తెరిచి ఒక సాయంత్రం కూర్చుంటే ఒక కాయిన్ సంగతి చాలావరకు తేలిపోతుంది. మా తమ్ముడు ఇప్పుడు కాయిన్ పేరుతో పాటు సప్లై, ఎఫ్‌డీవీ కూడా రాసి పంపిస్తున్నాడు.