ఓదార్చని క్లినిక్కుకు నాలుగు నక్షత్రాలు

విజయవాడ సూర్యారావుపేటలో ఒక మనోవైద్యుల క్లినిక్కులో పదహారు వారాలు ఓసీడీకి చికిత్స తీసుకున్నాను. వద్దన్నా అవే ఆలోచనలు రావడం, ఆ భయం తీరడానికి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం, అదీ ఆ జబ్బు. క్లినిక్కు పేరు రాయడం లేదు. ఆ మెట్లెక్కేటప్పుడు చున్నీ మొహం మీదికి లాక్కునేవాళ్లను చూశాను. మొదటి నెల నేనూ లాక్కున్నాను.

ముందు ఫిర్యాదులు. రిసెప్షన్ బల్ల మీద లీటరు శానిటైజర్ సీసా ఉంది. చేతులు కడిగి కడిగి తోలు ఊడినవాళ్లు వచ్చే చోట! తాగుడు మాన్పించే కేంద్రం వాకిట్లో కల్లుకుండ పెట్టినట్టుంది. రెండోది, కాగితాలన్నీ ఇంగ్లీషులోనే. ఇంట్లోవాళ్లు నాకు ఏయే సాయాలు చేయకూడదో చెప్పే నాలుగు పేజీలను తెనాలి నుంచి వచ్చిన మా అమ్మకు నేనే తెలుగులో చదివి వినిపించాల్సి వచ్చింది. ఒక నక్షత్రం కోసింది ఇందుకే.

నా జబ్బుకు మా ఇంట్లో మంచి మంచి పేర్లుండేవి. ఐదో తరగతిలో ప్రతి అక్షరం తలకట్టూ ఒకే కొలతలో రావాలని చెరిపి రాసి, చెరిపి రాసి కాగితం చిల్లులు పడేది. మాస్టారు మాత్రం ‘ముత్యాల్లాంటి దస్తూరి’ అని క్లాసంతటికీ చూపించేవారు. మడికట్టుకునే నాయనమ్మకు నా చేతుల కడుగుడు చూస్తే మురిపెం. పన్నెండో ఏట అసలు సంగతి మొదలైంది. దేవుడి ముందు నిలబడగానే నోటితో అనలేని బూతుమాట మనసులోకి వచ్చేది. వెంటనే ఇరవై ఒక్కసారి లెంపలు వేసుకోకపోతే నాన్న స్కూటరు లారీ కింద పడుతుందని భయం. లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి. చూసినవాళ్లు భక్తి అన్నారు. కాస్త పెద్దయ్యాక చాదస్తం అన్నారు. జబ్బు అన్న మాట ముప్పై ఒకటో ఏట ఈ క్లినిక్కులో మొదటిసారి విన్నాను. విని ఏడ్చాను, తేలికపడి.

మొదటి రోజు ఓసీడీ ఎంత ఉందో కొలిచే యేల్-బ్రౌన్ ప్రశ్నావళి ఇచ్చారు. పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. చదువులో లాగా కాదు, ఎక్కువ వస్తే జబ్బు ఎక్కువ. నాకు 27 వచ్చింది, 24 నుంచి తీవ్రం కింద లెక్క. డాక్టరుగారు ఫ్లూఆక్సెటిన్ రాసి, గుణం పూర్తిగా తెలియడానికి పది పన్నెండు వారాలు పట్టవచ్చని, మధ్యలో సొంతంగా మానవద్దని చెప్పారు. మొదటి రెండు వారాలు కడుపులో తిప్పింది, తర్వాత సర్దుకుంది. మాత్రల గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

అసలు పని సైకాలజిస్టు మేడమ్ దగ్గర. ఆ పద్ధతిని ఈఆర్‌పీ అంటారు. భయపెట్టే పనిని కావాలని చేయాలి, చేశాక మన అలవాటు ప్రకారం దానికి శాంతి చేయకూడదు. అంతే. వినడానికి ఎంత చిన్నదో! భయాలన్నిటికీ సున్నా నుంచి వంద దాకా అంకెలు వేసి జాబితా రాయించారు. చెప్పుల స్టాండు ముట్టుకున్న చేత్తోనే బియ్యం డబ్బా మూత తీయడం 40. లెంపలు వేసుకోకుండా హారతి ముగించి లేవడం 95.

ఏడో వారంలో ఆ 95 దగ్గరికి వచ్చాం. దేవుడి పటం ఎదురుగా పెట్టుకున్నాను, మాట రానే వచ్చింది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ‘మేడమ్, నాన్నకు ఏమీ కాదు కదా?’ అన్నాను. ఆవిడ, ‘కావచ్చు, కాకపోవచ్చు. నాకూ తెలియదు’ అన్నారు. ఒళ్లు మండిపోయింది. పన్నెండు వందలు తీసుకుని ఆ ఒక్క మాట చెప్పలేరా? నలభై నిమిషాలకు భయం 50కి దిగింది, ఎవరూ ఏమీ చెప్పకుండానే. అప్పుడు అర్థమైంది, నేను డబ్బు కడుతున్నది ఆ మాట చెప్పనందుకేనని. ‘ఏమీ కాదమ్మా’ అని ఇంట్లో ఇరవై ఏళ్లు ఉచితంగానే చెప్పారు. చెప్పిన ప్రతిసారీ పది నిమిషాలు హాయిగా ఉండేది, పదకొండో నిమిషానికి మళ్లీ అడగాలనిపించేది.

అమ్మకు ఇది నాకంటే కష్టమైంది. ఆఫీసుకు బయలుదేరేటప్పుడు గ్యాస్ రెగ్యులేటర్ ఫోటో తీసి, ‘కట్టే ఉంది కదా’ అని వాట్సాప్‌లో అమ్మను అడిగేదాన్ని, ఐదారుసార్లు. ఇక జవాబివ్వవద్దని మేడమ్ చెబితే, ‘పిల్ల అడుగుతుంటే నోరు కట్టుకోమంటారా?’ అని అమ్మ కళ్లు తుడుచుకుంది. కానీ మాట తప్పలేదు. ఏ ఫోటో పంపినా ఒకటే జవాబు: ‘టిఫిన్ తిన్నావా?’ మూడు వారాలకు ఫోటోలు తీయడం మానేశాను.

చివరి వారం మార్కులు 13. బూతుమాట ఇప్పటికీ వస్తుంది, ముఖ్యంగా శ్రావణ శుక్రవారాల్లో. వచ్చి పోతుంది. పరీక్షల ముందు, ఇల్లు మారినప్పుడు మళ్లీ పెరగవచ్చని మేడమ్ ముందే చెప్పారు.

ఓదార్పు కావాలనుకునేవాళ్లకు ఈ చోటు నచ్చదు, మూడో వారానికే మానేస్తారు. నేనూ రెండుసార్లు ఎగ్గొట్టాను. అంత ఖర్చు పెట్టలేనివాళ్లు ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. క్లినిక్కుకు వెళ్లేవాళ్లు శనివారం వద్దు, గంటన్నర కూర్చోవాలి. కూర్చోవాల్సి వస్తే ఆ శానిటైజర్ సీసాకు వీపు పెట్టి కూర్చోండి.