జాంగోనా, ఫ్లాస్కా: పైథాన్ నేర్చినవారి తరువాతి మెట్టు

పైథాన్ ప్రాథమికాంశాలు పూర్తిచేసి, నెల్లూరులోనో ఒంగోలులోనో వెబ్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నవారు వెబ్‌సైట్లు కట్టడానికి తోడ్పడే పైథాన్ ఫ్రేమ్‌వర్కులైన (ముందే సిద్ధంచేసిన కోడు చట్రాలైన) జాంగో, ఫ్లాస్క్‌ల మధ్య తరచుగా తటపటాయిస్తుంటారు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక దినపత్రిక కార్యాలయంలో రూపుదిద్దుకొన్న జాంగో 2005లో బయటికి వచ్చింది. గడువులోపు పేజీలు సిద్ధం చేయవలసిన ఆ వాతావరణపు ముద్ర దానిపై నేటికీ ఉంది. ఆర్మిన్ రొనాకర్ 2010లో విడుదల చేసిన ఫ్లాస్క్‌కు మూలం ఏప్రిల్ ఒకటో తేదీ పరిహాసమంటే నమ్మడం కష్టమే.

ముత్తుకూరు వైపు రొయ్యలు సాగుచేసే రైతుకు మేత, నీటి పరీక్షలు, పట్టుబడి వివరాలు నమోదుచేసుకొనే సైటు కావాలనుకుందాం. జాంగోలో చెరువుకు, మేతకు మోడళ్లు (ఏయే వివరాలు దాచాలో చెప్పే పైథాన్ క్లాసులు) రాసి, వాటికి తగ్గ పట్టికలను డేటాబేసులో తయారుచేసే మైగ్రేషన్లు నడిపి, ఆ మోడళ్లను జాంగోతోపాటే వచ్చే నిర్వహణ విభాగమైన అడ్మిన్‌లో చేర్చితే, వివరాలు ఎక్కించే, సవరించే తెరలు లాగిన్‌తో సహా సిద్ధమవుతాయి. ఫ్లాస్క్‌లో అదే పనికి డేటాబేసు కోసం ఎస్‌క్యూఎల్ఆల్కెమీ వంటి లైబ్రరీని, లాగిన్ కోసం మరొక లైబ్రరీని ఎంచుకొని మనమే అతకాలి. ఆ అతికే శ్రమ వృథా కాదు. ఫ్లాస్క్ సెషన్ (లాగిన్ అయినవారిని గుర్తుంచుకొనే సమాచారం), ఎవరూ మార్చకుండా డిజిటల్ సంతకం చేసిన కుకీగా, అంటే చిన్న సమాచారపు తునకగా, బ్రౌజరులోనే ఉంటుందనీ, జాంగో మామూలుగా దానిని డేటాబేసులో దాస్తుందనీ ఆ శ్రమలోనే బోధపడుతుంది.

రెండింటిలో ఏది వేగంగా పనిచేస్తుందనే వాదనలను నేర్చుకొనే దశలో పట్టించుకోనవసరం లేదు. నా మటుకు, రెండు వారాలు ఫ్లాస్క్‌తో ఒక చిన్న సైటు కట్టి, తరువాత జాంగోకు మారమంటాను. వ్యవధి తక్కువగా ఉన్నవారు నేరుగా జాంగోనే పట్టుకోవచ్చు.